ఆకాశంలో ఎవరి వాటా ఎంత?

1980ల చివరి రోజులు. ఉత్తర భారతంలోని ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి ఢిల్లీకి ఫోన్ చేశారు. అవతల మాట్లాడింది అనిల్ అగర్వాల్. కాన్పూర్ ఐఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఆ ఉద్యోగాల వైపు పోకుండా పత్రికల్లో సైన్స్ విలేకరిగా చేరిన మనిషి. 1980లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే చిన్న సంస్థ పెట్టారు. రెండేళ్లకే దేశ పర్యావరణ పరిస్థితి మీద ప్రజల పక్షాన తొలి సమగ్ర నివేదిక తెచ్చి, ప్రభుత్వాలు కూడా తన మాట వినేలా చేసుకున్నారు.

ముఖ్యమంత్రి గారి ముందు ఒక సర్క్యులర్ ఉంది. జనం పశువులు పెంచకుండా చూడాలన్నది దాని సారాంశం. ఎలా చూడమంటారని ఆయన అడిగారు. పేదవాడి గొడ్డూ గోదా ప్రపంచ వాతావరణాన్ని నిజంగానే తారుమారు చేస్తున్నాయా అని కూడా అడిగారు.

అగర్వాల్ దగ్గర జవాబు లేదు. ఆయన సహచరి సునీతా నారాయణ్ దగ్గరా లేదు. ఈ ఫోన్ సంగతి తర్వాత ఆమే రాశారు. అడవి పోతే, చెరువు ఎండితే, గడ్డి మాడితే ముందుగా నలిగేది పేదవాడేనని వాళ్లు అంతవరకూ ఊరూరా తిరిగి తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ పేదవాడే దోషి అంటున్నారు. ఎండుగడ్డి మేసి, నాగలి లాగి, ఎరువూ పిడకలూ ఇచ్చే ఎద్దు మేత అరిగించుకునేటప్పుడు దాని కడుపులో మీథేన్ పుడుతుందన్న మాట నిజం. ఆ వాయువు భూమి వేడిని పట్టి ఉంచుతుందన్న మాటా నిజం. అయినా ఈ రెండు నిజాలు కలిసి ఒక రైతు గుమ్మంలో నేరారోపణగా ఎలా మారాయి? అక్కడి నుంచే మన దేశంలో కర్బన ఉద్గారాల లెక్కల పోరాటం మొదలైంది.

1990లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఒక గ్రంథం విడుదల చేసింది. ఐక్యరాజ్యసమితి సంస్థల సహకారంతో వచ్చిన పుస్తకం కాబట్టి అందరూ దాన్ని ప్రామాణికంగా తీసుకున్నారు. అందులో ఒక పట్టిక ఉంది. భూమిని వేడెక్కిస్తున్న దేశాల్లో మొదటిది అమెరికా, రెండోది సోవియట్ యూనియన్, మూడోది బ్రెజిల్, నాలుగోది చైనా, ఐదోది భారతదేశం. ప్రపంచ పత్రికలు ఆ అయిదు పేర్లనూ ఒకే వరుసలో అచ్చేశాయి. అప్పటికి మన ఊళ్లలో సగానికి పైగా ఇళ్లలో కరెంటు లేదు. వంట కట్టెల మీద, ప్రయాణం కాలినడకన. అలాంటి దేశం, ఇంటికి రెండు కార్లున్న దేశం పక్కన నేరస్థుల జాబితాలోకి ఎక్కింది.

అగర్వాల్, సునీత ఆ పట్టిక తీసుకుని కూర్చున్నారు. ఆ పనికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. హైస్కూలు పిల్లలకు వచ్చిన హెచ్చవేతలు, భాగహారాలు చాలు. చూడవలసిందల్లా ఆ పట్టికను ఏ పద్ధతిలో కట్టారన్నదే.

మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ అంతా గాలిలో ఉండిపోదు. దాదాపు సగాన్ని సముద్రాలూ అడవులూ నేలా తాగేస్తాయి. మిగిలిన సగమే పేరుకుపోయి భూమిని వేడెక్కిస్తుంది. భూమి తాగే ఆ సగం ఎవరి ఖాతాలో జమ కావాలి? వాషింగ్టన్ నిపుణులు పొగ ఎంత వదిలితే జమ కూడా అంతే నిష్పత్తిలో వేశారు. ఎక్కువ వదిలిన వాడికి ఎక్కువ మాఫీ, తక్కువ వదిలిన వాడికి తక్కువ మాఫీ. ఆ రోజుల్లో బొగ్గు, చమురు, గ్యాస్ మండించడం వల్ల వచ్చే పొగలో అమెరికా వాటా అయిదో వంతుకు మించి ఉండేది. భారత్ వాటా మూడు శాతం లోపే. జనాభాలో చూస్తే అమెరికాది దాదాపు అయిదు శాతం, మనది పదహారు శాతం. వాళ్ల పద్ధతిలో సముద్రం తాగే ప్రతి వంద పాళ్లలో ఇరవై రెండు అమెరికాకు, రెండు మూడు మనకు.

ఊరి చెరువు నీళ్లను నీరటి ఇలా పంచితే ఏ ఊరూ ఒప్పుకోదు. పెద్ద మోటారు పెట్టి తోడుకునే వాడికి తోడుకున్నకొద్దీ హక్కు పెరుగుతుందని ఎవరూ అనరు. సముద్రం, ఆకాశం ఎవరి సొత్తూ కావు, అందరి ఉమ్మడి ఆస్తి. అందువల్ల వాటా తలకు ఇంత అని పడాలన్నది అగర్వాల్, సునీతల వాదం. తలల లెక్కన మళ్లీ కడితే పట్టిక తిరగబడింది. భారతదేశమూ చైనాయూ వదిలే కార్బన్ డయాక్సైడ్ వాళ్ల వాటాకు వచ్చే సముద్రం, అడవి తాగగలిగిన దానికన్నా తక్కువే అని తేలింది. గాలిలో పేరుకున్న అదనపు పొగ ప్రధానంగా సంపన్న దేశాలదే.

1991లో వాళ్లు ఈ లెక్కను ఒక చిన్న పుస్తకంగా వేశారు. ‘గ్లోబల్ వార్మింగ్ ఇన్ ఏన్ అన్‌ఈక్వల్ వరల్డ్’ దాని పేరు. పాశ్చాత్య సంస్థ వేసిన లెక్కను పర్యావరణ వలసవాదమని అందులో సూటిగానే అన్నారు. బతకడానికి వదిలే పొగనూ విలాసానికి వదిలే పొగనూ ఒకే గాటన కట్టకూడదన్న మాట ప్రపంచ చర్చలోకి బలంగా వచ్చింది ఆ పుస్తకంతోనే. వరి మడిలోని మీథేనూ, మనిషికో కారు నడిపే నగరంలోని కార్బన్ డయాక్సైడూ వాతావరణానికి ఒకటే కావచ్చు, న్యాయానికి ఒకటి కావు.

వరి మడి అన్నాం కాబట్టి ఆ కథ కూడా చెప్పాలి. పశువుల తర్వాత నేరం మోపింది వరి మీదే. నీళ్లు నిలిచిన మడిలో బురద అడుగున గాలి ఆడదు. అక్కడ సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి, వరి కాడల గుండా అది పైకి వస్తుంది. భారతదేశపు వరి పొలాల నుంచి ఏటా 3.78 కోట్ల టన్నుల మీథేన్ వస్తోందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1990లో అంచనా కట్టింది. మన మళ్లలో ఎవరూ కొలిచి చెప్పిన అంకె కాదది. పాశ్చాత్య దేశాల మళ్లలో కొలిచిన దాన్ని మన విస్తీర్ణానికి హెచ్చవేసి తేల్చారు.

ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్త ఏపీ మిత్రా దీన్ని కొలిచి చూడాలన్నారు. రేడియో తరంగాలూ, పై వాతావరణమూ ఆయన రంగం. సీఎస్‌ఐఆర్‌కు డైరెక్టర్ జనరల్‌గా కూడా పనిచేశారు. 1991లో అనేక ప్రయోగశాలలు కలిసి దేశవ్యాప్తంగా మళ్లలోకి దిగాయి. పద్ధతి చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. వరి దుబ్బుల మీద పారదర్శకమైన పెట్టె బోర్లిస్తారు. అంచులు నీళ్లలో మునిగి ఉంటాయి కాబట్టి లోపలి గాలి బయటికి పోదు. కొన్ని నిమిషాలకోసారి సిరంజితో లోపలి గాలి లాగి, సీసాలో బంధించి ప్రయోగశాలకు పంపుతారు. మీథేన్ ఎంత వేగంగా పెరుగుతోందో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ చెబుతుంది. నాటు నుంచి కోత దాకా, రకరకాల నేలల్లో, కాలువ కింద, వానాధారం కింద ఇదే పని మళ్లీ మళ్లీ చేయాలి. మోకాళ్ల లోతు బురదలో నిలబడి సిరంజి పట్టుకున్న ఆ కుర్ర పరిశోధకులు మన దేశం తరఫున సాక్ష్యం సేకరిస్తున్నారన్న సంగతి గట్టు మీద రైతుకు తెలిసి ఉండదు.

ఫలితం ఏటా సుమారు 40 లక్షల టన్నులు. అమెరికా సంస్థ చెప్పిన దాంట్లో పదో వంతు.

అంత తేడాకు కారణాలు మన రైతుకు కొత్తవి కావు. మన వరిలో చాలా భాగం వానాధారం. మడి తడుస్తుంది, ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. ఆరినప్పుడల్లా మీథేన్ పుట్టడం ఆగుతుంది. మన నేలల్లో సేంద్రియ పదార్థమూ తక్కువే. కృష్ణా, గోదావరి డెల్టాల్లోలా నెలల తరబడి నీళ్లు నిలిచే మళ్లు దేశమంతా లేవు. కొలవకుండా వేసిన అంకెకూ మడిలోకి దిగి కొలిచిన అంకెకూ ఉన్న ఈ తేడా బయటపడకపోయి ఉంటే, మన రైతు ఈపాటికి ఎన్ని అంతర్జాతీయ వేదికల మీద ముద్దాయిగా నిలబడేవాడో ఊహించవచ్చు.

వాషింగ్టన్ పట్టిక వచ్చిన 1990లోనే ఇంకో వ్యక్తి ఇంకో సూత్రంతో ఈ చర్చలోకి వచ్చారు. జపాన్ ఆచార్యుడు యోయిచి కాయా. ఒక దేశం వదిలే కార్బన్ డయాక్సైడ్ నాలుగు అంకెల లబ్ధమని ఆయన చూపించారు. మొదటిది జనాభా, రెండోది తలసరి ఆదాయం, మూడోది ఒక రూపాయి సంపద పుట్టించడానికి ఖర్చయ్యే ఇంధన శక్తి, నాలుగోది ఆ శక్తిలో ఉన్న కర్బనం. ఈ నాలుగూ హెచ్చవేస్తే మొత్తం వస్తుంది. భూమి వేడెక్కడానికి పేద దేశాల్లో జనం పెరగడమే కారణమనే వాదనను పరీక్షించడానికి ఇంతకన్నా మంచి గీటురాయి లేదు.

ఆఫ్రికాను ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. 1990 నుంచి ఇప్పటికి ఆ ఖండపు జనాభా రెట్టింపు దాటింది. తలసరి కార్బన్ డయాక్సైడ్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఏడాదికి టన్ను దగ్గరే ఉంది. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు మించిన మనుషులు ప్రపంచపు పొగలో నాలుగు శాతం మాత్రమే వదులుతున్నారు. చైనా జనాభా ఈ కాలంలో దాదాపు పావు వంతు మాత్రమే పెరిగింది. తలసరి పొగ మాత్రం రెండు టన్నుల నుంచి ఎనిమిదికి చేరింది. పెరిగింది ఫ్యాక్టరీలూ, సిమెంటూ, ఉక్కూ, ఆదాయమూ. ఆ ఫ్యాక్టరీల సరుకులో కొంత భాగం అమెరికా, యూరప్ దుకాణాలకు వెళ్లింది, పొగ మాత్రం చైనా ఖాతాలో పడింది. అమెరికా తలసరి 20 టన్నుల నుంచి 15 లోపుకు దిగింది. దిగిన తర్వాత కూడా అది ప్రపంచ సగటుకు మూడు రెట్లు.

రష్యా కథ మాత్రం గుండె పిండేస్తుంది. 1990ల్లో అక్కడ కార్బన్ డయాక్సైడ్ మూడో వంతుకు పైగా తగ్గింది. ఎవరో ఏదో ఒప్పందం పాటించినందువల్ల కాదు. సోవియట్ యూనియన్ కూలింది, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి, మగవాళ్ల సగటు ఆయుష్షు 60 ఏళ్ల కిందికి జారింది. పొగ తగ్గిన ప్రతిచోటా మేలు జరిగిందనుకోకూడదు.

బ్రిటన్‌లో ఇంకో రకంగా జరిగింది. ప్రజలకు బొగ్గు కరెంటు అమ్మిన మొదటి కేంద్రాల్లో ఒకటి 1882లో లండన్‌లోనే పుట్టింది. 2012లో కూడా ఆ దేశపు కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. 2024 సెప్టెంబర్ 30న రాట్‌క్లిఫ్ కేంద్రం ఆగిపోవడంతో అక్కడ బొగ్గు కరెంటు పూర్తిగా ముగిసింది. 1990తో పోలిస్తే పొగ సగానికి పడిపోయింది, జనాభా, ఆర్థిక వ్యవస్థ మాత్రం పెరిగాయి. ఆదాయాన్నీ పొగనూ విడదీయవచ్చని అక్కడ రుజువైంది. ఆ దేశం కట్టే బట్టలూ వాడే ఉక్కూ చాలావరకు బయట తయారవుతున్నాయన్న మాట కూడా దాంతోపాటే చెప్పుకోవాలి.

మళ్లీ మన కథలోకి వద్దాం. 1992 జూన్‌లో రియోలో వాతావరణ ఒప్పందం సంతకాలకు వచ్చింది. దాని పీఠికలో ఒక వాక్యం చేరింది. ఇప్పటిదాకా పోగైన ఉద్గారాల్లో అత్యధిక భాగం సంపన్న దేశాలదేనని, వర్ధమాన దేశాల తలసరి ఇంకా తక్కువేనని ఆ వాక్యం ఒప్పుకుంటుంది. బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ ఒకే పాటి కాదన్న సూత్రం ఒప్పందంలో భాగమైంది. ఢిల్లీలో వేసిన ఆ భాగహారపు ఛాయ అందులో కనిపిస్తుంది. అయితే తలసరి వాటాను హక్కుగా మాత్రం ఎవరూ రాయనివ్వలేదు. 1997లో ఉద్గారాలు తగ్గించే క్యోటో ఒప్పందం రాకముందే అమెరికా సెనేట్ 95–0 ఓట్లతో తేల్చి చెప్పింది, వర్ధమాన దేశాలు కూడా కట్టుబడితే తప్ప తాము కట్టుబడమని. నాలుగేళ్లకు బుష్ ప్రభుత్వం క్యోటోను పక్కన పెట్టేసింది. 2002 జనవరి 2న అనిల్ అగర్వాల్ డెహ్రాడూన్‌లో కన్నుమూశారు. ఏళ్ల తరబడి క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా ఆయన రాస్తూనే ఉన్నారు.

2007లో జర్మనీలోని హైలిగెన్‌డామ్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఒక మాట ఇచ్చారు. భారతదేశపు తలసరి ఉద్గారాలు సంపన్న దేశాల తలసరిని ఏనాటికీ దాటవని. 2009 డిసెంబర్ 3న లోక్‌సభలో పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ మరో అడుగు వేశారు. 2005తో పోలిస్తే 2020 నాటికి జీడీపీలో ప్రతి రూపాయికీ పడే పొగను 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని ప్రకటించారు. ప్రతిపక్షాలు నిలదీశాయి. తలసరి న్యాయాన్ని వదిలేస్తున్నారని అనుభవం గల ఇద్దరు సంప్రదింపుల అధికారులు కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సు ప్రయాణానికే మొరాయించారు.

డిసెంబర్ 18 రాత్రి. కోపెన్‌హాగన్ బెల్లా సెంటర్. వందకు పైగా దేశాధినేతలు చేరారు, ఒప్పందం మాత్రం కుదరలేదు. సంపన్న దేశాలు ముందే రాసుకున్న ముసాయిదా ఒకటి పత్రికలకు పొక్కడంతో పేద దేశాలు అప్పటికే మండిపడుతున్నాయి. అమెరికా అధ్యక్షుడు ఒబామా చైనా ప్రధాని వెన్ జియాబావోను కలవాలని వెళ్లారు. తలుపు తీస్తే లోపల వెన్ ఒక్కరే లేరు. బ్రెజిల్ అధ్యక్షుడు లూలా, దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమా, మన ప్రధాని మన్మోహన్ సింగ్, పక్కన జైరాం రమేశ్. మన్మోహన్ బృందం విమానాశ్రయానికి వెళ్లిపోయిందని అమెరికా అధికారులు అంతకుముందే విన్నారు. గదిలో ఖాళీ కుర్చీ లేదు, లూలా పక్కన కూర్చుంటానని ఒబామా అన్నారట. పందొమ్మిదేళ్ల కిందట ఒకే పట్టికలో దోషులుగా నిలబెట్టిన మూడు వర్ధమాన దేశాలు, బ్రెజిల్, చైనా, భారత్, ఆ రాత్రి ఒకే బల్ల చుట్టూ ఉన్నాయి. తెల్లారేసరికి పుట్టింది బలహీనమైన ఒడంబడిక. సదస్సు దాన్ని ఆమోదించలేదు, గమనించామని మాత్రం రాసుకుంది.

మనం ఇచ్చిన మాట నిలబడింది. 2005 నుంచి 2019 మధ్య జీడీపీతో పోల్చిన ఉద్గారాలు 33 శాతం తగ్గాయని భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి నివేదించింది. మొత్తం మాత్రం పెరుగుతూనే ఉంది. 1990తో పోలిస్తే మన జనాభా ఒకటిన్నర రెట్లు దాటింది, కార్బన్ డయాక్సైడ్ దాదాపు అయిదు రెట్లు. ఇవాళ ఏటా దాదాపు 300 కోట్ల టన్నులతో చైనా, అమెరికాల తర్వాత మూడో స్థానం మనది. తలసరి రెండు టన్నులు, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. పారిశ్రామిక విప్లవం నుంచి పోగైన మొత్తంలో అమెరికాది దాదాపు నాలుగో వంతు, మనది మూడు శాతం చిల్లర. ఈ అంకెలన్నీ నిజాలే. అమెరికా పత్రిక ‘భారత్ మూడోది’ అని రాస్తుంది, మన పత్రిక ‘తలసరి రెండే’ అని రాస్తుంది. దేనితో భాగించారో అడగకుండా ఏ పత్రికనూ నమ్మకండి.

ఇక్కడే నా మనసును తొలిచే ప్రశ్న ఉంది. తలల లెక్క న్యాయమైతే, అది దేశాల సరిహద్దు దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

ఖతార్ తలసరి ఏడాదికి 35 టన్నులకు పైగా, ప్రపంచంలోనే అతి పెద్ద తలసరుల్లో ఒకటి. ఆ తలల్లో జగిత్యాల నుంచీ నిజామాబాద్ నుంచీ సిరిసిల్ల నుంచీ దోహాకు వెళ్లిన మన కూలీల తలలు కూడా ఉన్నాయి. ఒక గదిలో ఎనిమిది మంది పడుకుని, కంపెనీ బస్సులో పనికి పోయి వచ్చేవాళ్లు. సగటు లెక్కలో వాళ్ల పేరు మీద కూడా 35 టన్నులు పడతాయి.

మన దేశంలోనూ అదే జరుగుతోంది. గ్రీన్‌పీస్ ఇండియా 2007లో ఆదాయ వర్గాల వారీగా లెక్క కట్టి, నెలకు 30 వేలు దాటిన వర్గం పొగ 3 వేల లోపు వర్గం కన్నా నాలుగు రెట్లకు పైగా ఉందని చూపించింది. పేదల వెనక సంపన్నులు దాక్కుంటున్నారని ఆ నివేదిక అన్నది. అంతర్జాతీయ వేదిక మీద మన ప్రతినిధి ‘తలసరి రెండు టన్నులు’ అన్నప్పుడు ఆ రెండును అంత తక్కువగా ఉంచుతున్నది ఫ్యాన్ కూడా లేని గుడిసెలు. రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో వెలిగింది. నలభై ఏళ్లుగా ఆ బూడిద పీల్చేది చుట్టుపక్కల ఊళ్లు, ఆ కరెంటులో చల్లబడేది నగరాల్లోని గదులు. 2015 మే నెల వడగాల్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వృద్ధులూ, ఎండలో పనిచేయక తప్పని కూలీలూ. ఆకాశంలో తమ వాటా వాడుకోకుండానే పోయిన మనుషులు వాళ్లు.

2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని భారతదేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. ఐక్యరాజ్యసమితికి మనం పంపే నివేదికల్లో విద్యుత్తు, పరిశ్రమ, వ్యవసాయం, వ్యర్థాలు అంటూ రంగాల వారీ లెక్కలు ఉంటాయి. ఏ ఆదాయ వర్గం ఎంత వదులుతోందన్న పట్టిక ఉండదు. అది వేయడానికి సమాచారం కొరత లేదు. కుటుంబాలు నెలకు దేనిమీద ఎంత ఖర్చు చేస్తున్నాయో కేంద్ర గణాంక శాఖ ఇంటింటికీ తిరిగి సేకరిస్తోంది, 2022–23, 2023–24 సర్వేలు బయటికి వచ్చాయి కూడా. అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో వాషింగ్టన్‌ను అడిగిన ప్రశ్న ఇవాళ ఢిల్లీకీ హైదరాబాద్‌కూ అమరావతికీ వర్తిస్తుంది. ఆ పట్టిక వేసి ప్రజల ముందు పెట్టమని మన ఎంపీలను, ఎమ్మెల్యేలను అడగండి.